బిగించకండి, ముందు మెత్తబరచండి: పాత స్పోర్ట్స్ కారు ఛాసిస్‌కు తలకిందుల సలహాలు

పాత ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు, తోటి కారు అభిమానులు అడక్కుండానే చెప్పే మొదటి మాట ఒకటుంది: "ముందు ఛాసిస్ స్టిఫ్ చేయించు, మిగతావన్నీ తర్వాత." ఇంజన్ మీద అడ్డంగా ఒక కడ్డీ, నేల కింద బిగించే బటర్‌ఫ్లై ఫ్రేము, పొడవునా రెండు పట్టాలు, తలుపుల కింద ఇంకో రెండు. జాబితా సిద్ధంగా ఉంటుంది, ధర కూడా సిద్ధంగానే ఉంటుంది.

నేను సరిగ్గా దీనికి ఎదురు చెబుతాను. ఛాసిస్ సంగతి ఆఖరున చూడండి. చాలామంది విషయంలో ఆ ఆఖరు రానే రాదు, రాకపోవడమే కారుకు మంచిది. కింద రాసినవి వినగానే తప్పుగా తోస్తాయి. నాలుగు కార్లు చూసిన మెకానిక్ కూడా తల అడ్డంగా ఊపవచ్చు. అయినా ఇందులో ఒక్కటీ ఊరికే రాసింది కాదు. ముప్పై ఏళ్లు నిలబడిన కారును కోసి, వెల్డింగ్ పెట్టి, దాని నడకే మార్చేసి, ఆనక "ఇది ఇదివరకటిలా లేదేమిటి" అని బాధపడేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ పని జరగక ముందే చెప్పాలని ఈ వ్యాసం.

ఒకే కారును పట్టుకుని మాట్లాడతాను, లేకపోతే ఇలాంటి మాటలు గాల్లో తేలిపోతాయి. మాజ్డా ఎంఎక్స్-5. అమెరికాలో దాని పేరు మియాటా, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చింది. 1997 దాకా తయారైన మొదటి తరాన్ని, స్విచ్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లను బట్టి ఎవరైనా గుర్తుపడతారు. మొదట్లో 1600 సీసీ ఇంజన్, వెనక చక్రాలకు శక్తి, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, సుమారు 960 కిలోల బరువు. మాజ్డా దీన్ని భారతదేశంలో అమ్మలేదు. కానీ డెట్రాయిట్ పక్క ఊళ్లలోనో, డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉద్యోగాల్లో కుదురుకున్న మన ఇంజనీర్లకు సెకండ్ హ్యాండులో అందే పాత స్పోర్ట్స్ కార్లలో ఇది ముందు వరసలో ఉంటుంది. మామూలు పానలతో ఇంటి గ్యారేజీలో విప్పి బిగించుకోగల కారు. అందుకే దీని మీద చేతులు ఎక్కువ పడతాయి.

ఒళ్లు ఊగుతోందా? చక్రాల దగ్గర వంగి చూడండి

పైకప్పు లేని కారు గతుకు మీద పడితే డ్యాష్‌బోర్డు వణుకుతుంది, అద్దంలో వెనక కార్లు చెదురుతాయి, స్టీరింగ్ చేతిలో జలదరిస్తుంది. ఇది చూడగానే "ఛాసిస్ మెత్తగా ఉంది" అని తీర్పు చెప్పేస్తారు. తీర్పు సగమే నిజం. ఒళ్లు ఊగుతోంది, సరే. ఊపుతున్నది ఎవరు?

లెక్క చూడండి. ఈ కారుకు కంపెనీ ఇచ్చిన టైరు 185/60ఆర్14. దాని చుట్టుకొలత దాదాపు 1.8 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు 15 సార్లు తిరుగుతుంది. పాత ఓపెన్ కార్ల ఒళ్లు తమంతట తాము మెలితిరిగి ఊగే లయ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గతుకు మీద చక్రం కిందా మీదా గంతులేసే లయ సెకనుకు పది, పదిహేను సార్లు. ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. కాబట్టి చక్రం మీద కాసింత సీసం తక్కువైనా, షాక్ అబ్జార్బర్ చచ్చిపోయినా, కారు మొత్తం వణుకుతుంది. ఆ నేరం ఛాసిస్ నెత్తిన పడుతుంది.

వేరుచేసి చూడటం తేలిక. నున్నటి హైవే మీద వంద దగ్గర వణుకు వచ్చి, ఎనభై అయిదు దగ్గరా నూట పదిహేను దగ్గరా మాయమైతే అది చక్రాల బాలన్సింగ్. వేగంతో పని లేకుండా ప్రతి అతుకు మీదా, ప్రతి గతుకు మీదా వస్తే షాక్ అబ్జార్బర్లూ బుష్‌లూ. ఈ మోడల్ చక్రాల బాలన్స్ విషయంలో మహా సున్నితం. మామూలు టైర్ల షాపులో "సరిపోయింది" అని పంపేసినదాన్ని ఇంకోచోట మరింత నిక్కచ్చిగా చేయిస్తే కారు సగం కుదుటపడుతుంది. దానికి పట్టే ఖర్చు, బటర్‌ఫ్లై ఫ్రేము ఖరీదు పక్కన పెట్టి చూస్తే లెక్కలోకి రాదు.

తర్వాత గాలి. కంపెనీ ఈ కారుకు చెప్పింది 26 పీఎస్‌ఐ. ఆధునిక కార్లకు అలవాటుపడిన చేయి 34, 35 దాకా కొట్టేస్తుంది. ఇంత తేలిక కారుకు ఆ గాలి ఎక్కువ. అలాంటి టైరు రోడ్డులోని ప్రతి రాయినీ ఒంటికి చేరవేస్తుంది. కంపెనీ సైజు టైర్లే ఉంటే, స్టిక్కర్ మీద రాసినంతకు దించండి. 17 అంగుళాల బరువైన చక్రాలు, పలచని టైర్లు వేసి ఉంటే వాటిని అమ్మేసి 14 అంగుళాల చక్రాలు వెతుక్కోండి. ఫొటోలో చిన్నగా కనిపిస్తాయి. నడిపితే తేడా మీకే తెలుస్తుంది.

బుష్‌ల గురించి ఒక మాట. ముప్పై ఏళ్ల రబ్బరు గట్టిపడి, పగిలి, ఒక వైపు ఊడి ఉంటుంది. అందరూ పాలీయురేథేన్ వేయమంటారు. నేను కొత్త రబ్బరే వేయమంటాను. రబ్బరు మెలితిరిగి తిరిగి వస్తుంది, పాలీ బుష్ రాసుకుంటుంది, గ్రీజు ఆరిపోయాక బిగుసుకుని కీచుమంటుంది. రబ్బరు వేసేటప్పుడు ఒక్కటి మరవద్దు: ఆ బోల్టులను ఆఖరుగా బిగించేది కారు తన చక్రాల మీద, తన ఎత్తులో నిలబడి ఉన్నప్పుడే. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, త్వరగా చిరిగిపోతుంది.

తలుపుల వెనక అంచున బిగింపు కోసం పెట్టిన చిన్న దిమ్మెలు అరిగితే తలుపు కొట్టుకుంటుంది. టాప్ తాళాలు వదులైతే టాప్ కొట్టుకుంటుంది. గేర్‌బాక్సునూ వెనక డిఫరెన్షియల్‌నూ కలిపే పొడవాటి అల్యూమినియం చట్రం బోల్టులు వదులైతే కింద నుంచి టంగుమంటుంది. ఇవన్నీ చెవికి ఛాసిస్ మూలుగులాగే వినిపిస్తాయి. పాన పట్టుకుని ఒక మధ్యాహ్నం తిరిగితే తేలిపోయేవి.

బిగించాలనిపించిందా? స్ప్రింగులు మెత్తవి వేయండి

ఇదే నా అసలు సలహా, తలకిందులుగా కనిపించేదీ ఇదే.

ఛాసిస్ గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్న ప్రశ్న ఒంటరిగా అర్థంలేనిది. దేనితో పోల్చి అన్నది అసలు ప్రశ్న. మలుపులో ముందు స్ప్రింగులు ఒక పాలు, వెనక స్ప్రింగులు ఒక పాలు బరువును మోస్తాయి. ఆ పంపకం సరిగ్గా జరగాలంటే మధ్యలో ఉన్న ఒళ్లు ఆ స్ప్రింగుల కన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఉండాలి. ఎన్ని రెట్లన్నదే పట్టించుకోవాలి.

కాగితం మీద వేసుకుందాం. చక్రం ఒక సెంటీమీటరు పైకి రావడానికి సుమారు ఇరవై కిలోల బరువు కావాలనుకోండి, అంటే మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. రెండు చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. కారు ఒక డిగ్రీ పక్కకు ఒరిగితే ఒక చక్రం 12 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది, రెండోది అంతే తేలుతుంది. ఈ జంట ఇచ్చే ప్రతిఘటన డిగ్రీకి దాదాపు 340 న్యూటన్ మీటర్లు. ఒంటి గట్టిదనం డిగ్రీకి 5,000 అనుకుంటే, స్ప్రింగుల కన్నా అది సుమారు పదిహేను రెట్లు. హాయిగా సరిపోతుంది. ఇప్పుడు మూడింతల గట్టి కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, షాక్ జతలు) తెచ్చి వేశారు. స్ప్రింగుల లెక్క వెయ్యి దాటింది, ఒళ్లు అదే 5,000. పదిహేను రెట్లున్నది అయిదు రెట్లయింది. ఒళ్లు మారలేదు, ఒక్క గుల్ల కూడా కొత్తగా పడలేదు. అయినా రేపటి నుంచి ఆ కారు "మెత్తటి ఛాసిస్" కారు.

మనుషులు చేసే పని ఇదే. ముందు గట్టి స్ప్రింగులు వేస్తారు, ఒళ్లు తట్టుకోలేదని ఫ్రేములు వేస్తారు, బరువు పెరిగిందని ఇంకా గట్టి స్ప్రింగులు వేస్తారు. కంపెనీ స్ప్రింగులకూ కంపెనీ ఒంటికీ ముందే ఒక పొత్తు కుదిరి ఉంది. ఆ పొత్తు చెడగొట్టి వైద్యం చేయడం కన్నా, పొత్తును తిరిగి కుదర్చడం చౌక. పాత యజమాని వేసిన కాయిలోవర్లు తీసేసి, మంచి షాక్ అబ్జార్బర్లతో కంపెనీ స్ప్రింగులు వేసి చూడండి. కారు ఎత్తు పెరుగుతుంది, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సందు కనిపిస్తుంది. ఆ సందు చక్రం ఆడటానికి ఉంచిన చోటు.

గట్టి ఒళ్లు ఎందుకు కావాలో బాగా తెలిసిన మనిషి లోటస్ కార్ల కంపెనీ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్. 1962లో ఆయన రెండు పనులు చేశాడు. ఫార్ములా వన్‌కు లోటస్ 25 తెచ్చాడు: గొట్టాల ఫ్రేము బదులు రేకుల పెట్టెనే ఒళ్లుగా చేసిన మోనోకాక్, అంతకుముందు కార్లకన్నా ఎంతో గట్టిది, తేలికది. అదే ఏడు రోడ్డుకు లోటస్ ఎలాన్ తెచ్చాడు: మధ్యలో వెన్నెముకలా ఒకే ఉక్కు పెట్టె, పైన ఫైబర్‌గ్లాస్ ఒళ్లు. ఎలాన్‌లో స్ప్రింగులు మెత్తనివి, చక్రాల ప్రయాణం ఎక్కువ. ఒళ్లు గట్టిగా ఉంది కనుకే స్ప్రింగులు మెత్తగా ఉంచగలిగాడు. ఎంఎక్స్-5 గీసినవాళ్ల కళ్ల ముందు ఉన్న కార్లలో ఎలాన్ ఒకటి. చాప్‌మన్‌ను ఆదర్శం అంటూనే ఒళ్లూ స్ప్రింగులూ రెండూ రాయి చేసేవాళ్లు ఆయన పాఠంలో సగమే చదివారు. మీరు ఎప్పటికైనా ఒళ్లు బిగిస్తే, ఆ మర్నాడు చేయాల్సిన పని ఇంకాస్త మెత్తటి స్ప్రింగులు ప్రయత్నించడం.

గట్టిదనానికి వెల కూడా ఉంటుంది. 1954 మెర్సిడెజ్ 300 ఎస్‌ఎల్ తలుపులు రెక్కల్లా పైకి తెరుచుకునేవి. అందం కోసం కాదు, ఫ్రేము గొట్టాలు పక్కల నుంచి అంత ఎత్తుగా పోవడంతో మామూలు తలుపుకు చోటు లేక. 1957లో రోడ్‌స్టర్‌గా మార్చినప్పుడు మామూలు తలుపుల కోసం ఆ ఫ్రేమునే మార్చాల్సి వచ్చింది. గట్టిదనం కావాలంటే ఎక్కడో ఒకచోట చోటో బరువో ఇచ్చుకోవాలి. మీ పాత కారులో అది సాధారణంగా నేలకూ రోడ్డుకూ మధ్య సందులోనూ, తూకంలోనూ పోతుంది.

ఇంజన్ మీద మెరిసే కడ్డీని షాపులోనే వదిలేయండి

బానెట్ ఎత్తగానే కనిపించేది కనుక అందరూ మొదట కొనేది ఇదే. మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారులో దానికి పని ఉంది. అక్కడ మలుపులో చక్రం పక్కకు తోసే బలం స్ట్రట్ గుండా పైన టవర్‌కు వెళ్తుంది, రెండు టవర్లను కలిపి కట్టడం అర్థమున్న పని. ఈ కారులో సస్పెన్షన్ పై చేయి, కింది చేయి రెండూ ఒంటి కింద బిగించిన విడి చట్రానికే, అంటే సబ్‌ఫ్రేముకే, బిగించి ఉన్నాయి. టవర్‌కు వెళ్లేది స్ప్రింగూ షాకూ పైకి తోసే బలం మాత్రమే. పక్కకు తోసే బలమే లేనిచోట అడ్డకడ్డీ ఏం ఆపుతుంది? ఆ డబ్బుతో వీల్ అలైన్‌మెంట్ చేయించండి.

కొనేశాక అనిపించే తేడా గురించి కూడా చెప్పాలి. డబ్బు పెట్టాం, చేత్తో బిగించాం, బాగుందనే అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని నమ్మకండి. స్నేహితుడిని పిలిచి, మీరు ఇంట్లో ఉండగా ఆ కడ్డీని అతనికి తోచినట్టు పూర్తిగా తీసేయమనండి, లేదా పూర్తిగా బిగించమనండి. బానెట్ మూసేయాలి. మీరు వెళ్లి ఒకే దారిలో నడిపి, ఉందో లేదో కాగితం మీద రాయండి. ఇలా చాలాసార్లు. రాసిన జవాబులు బొమ్మా బొరుసుకన్నా మెరుగ్గా లేకపోతే అది మీ కారుకు అక్కర్లేని వస్తువు. నేలకింది ఫ్రేములకూ ఈ పరీక్ష పెట్టవచ్చు, కాకపోతే ఒళ్లు నొప్పులు ఎక్కువ.

తుప్పు ఉన్నంతవరకు బిగింపు మాట ఎత్తకండి

పైకప్పు లేని కారును నిలబెట్టేవి తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా పోయే రెండు పెట్టె దూలాలు. వీటినే సిల్‌లు అంటారు. వీటి బలమంతా మూసుకుని ఉండటంలో ఉంది. క్యాలెండరు చుట్టి పంపే అట్టగొట్టం ఒకటి తీసుకుని మెలిపెట్టి చూడండి, కదలదు. అదే గొట్టాన్ని పొడవునా కత్తితో ఒక్క గీత కోసి మళ్లీ మెలిపెట్టండి. చేతిలో సాగిపోతుంది. అట్ట తగ్గలేదు, ఒక్క గీతే పడింది. గణితం ఇంకా నిర్దయగా చెబుతుంది: 40 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు గొట్టానికి పొడవునా చీలిక పడితే దాని మెలి బలం దాదాపు 4,800వ వంతుకు పడిపోతుంది. సిల్ కింది అతుకు తుప్పుకు తెరుచుకుంటే జరిగేది ఇదే తీరు. బయట పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఈ మోడల్‌లో తుప్పు ఎక్కడ మొదలవుతుందో అందరికీ తెలుసు, అయినా చూడరు. టాప్ వెనక మూలల్లో వాననీరు దిగిపోయే గొట్టాలు రెండున్నాయి. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుంటే నీళ్లు లోపలికి, సిల్‌లోకి దిగుతాయి. వెనక చక్రం ముందు, తలుపు చివర కింది భాగం లోపలి నుంచి కుళ్లుతుంది. మిషిగన్, ఒహాయో వైపు చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు దీనికి తోడు. టెక్సస్ కారయితే చాలావరకు బతికిపోతుంది, కానీ అది ఎక్కడ పుట్టి పెరిగిందో కాగితాలు చూడండి. స్క్రూడ్రైవరు పిడితో సిల్ కింద పొడవునా తట్టుకుంటూ పోండి. ఖణేల్ అనాల్సినచోట మొద్దుగా మోగితే అక్కడ ఆగండి.

నేల కింద పొడవునా పోయే పలచని పట్టాలు మరో దెబ్బ తినే చోటు. ఎక్కడ పడితే అక్కడ జాకీ పెట్టి లేపడం వల్ల అవి చప్పిడి అయి ఉంటాయి. జాకీ పెట్టాల్సింది ముందు సబ్‌ఫ్రేము మధ్యలో, వెనక డిఫరెన్షియల్ కింద, లేదా సిల్ అంచున గుర్తుపెట్టిన చోట్ల. నలిగిన పట్టా మీద కొత్త పట్టా తొడిగి అమ్ముతారు, కొంత లాభం ఉంటుంది కూడా. కానీ ముందు పాతది తిన్నగా చేసి, లోపలి తుప్పు ఆపి, అప్పుడు. కుళ్లిన రేకు మీద బలమైన ఉక్కు బిగిస్తే, బలం ఆ ఉక్కు ఆగిపోయే చోటికి పోగుపడి అక్కడ రేకు చీలుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

సిల్ మార్చాల్సి వస్తే ఒక్క జాగ్రత్త ప్రాణం లాంటిది. కోయకముందే తలుపు సందులో ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య తాత్కాలికంగా ఉక్కు గొట్టం వెల్డు చేయించండి. పైకప్పు లేని కారు సిల్ కోస్తే మధ్యలో వంగిపోతుంది, తలుపు సందు మూసుకుంటుంది. అలా వంగిన స్థితిలో కొత్త సిల్ వెల్డు చేస్తే ఆ వంకర శాశ్వతం. వెల్డరు "అక్కర్లేదు, నాకు అలవాటే" అంటే ఇంకో వెల్డరును వెతకండి.

ఇక రెండు పనులు అసలే వద్దు. ఒకటి, రోడ్డు మీద తిరిగే కారుకు అతుకులన్నీ పొడవునా వెల్డింగ్ చేయించడం. రేసు కార్లకు చేస్తారు, గట్టిదనం నిజంగానే పెరుగుతుంది. కానీ ఆ వేడికి అతుకుల మధ్య సీలరూ పూతా కాలిపోతాయి, మూసిన పెట్టెల లోపలికి మళ్లీ పెయింటు చేరదు, తుప్పు అక్కడే గూడు కడుతుంది. రెండు, సిల్‌లో ఫోమ్ నింపడం. తడిని పట్టి ఉంచుతుంది. రేపు ఎవరైనా అక్కడ వెల్డింగ్ పెడితే కాలి విషపు పొగ వస్తుంది. ఈ రెండిటికీ వెనక్కి దారి లేదు. బోల్టుతో పెట్టింది బోల్టుతో తీయవచ్చు, ఆ మాత్రం దయ పాత కారు మీద ఉండాలి.

ప్రతి ఏడూ కారును కావాలనే మెలిపెట్టండి

అవును, కావాలనే. ఎడమ ముందు చక్రం కింద, కుడి వెనక చక్రం కింద పది సెంటీమీటర్ల ఎత్తున్న, వెడల్పాటి, జరగని దిమ్మెలు పెట్టి కారును మెల్లగా వాటి మీదికి నడపండి. గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేసి, మిగతా చక్రాలకు అడ్డాలు పెట్టండి. కిందికి ఎవరూ దూరకూడదు. ముందు టవర్ల మీద అడ్డంగా ఒక తిన్నని అల్యూమినియం గొట్టం, వెనక అలాంటిదే ఇంకొకటి. రెండిటి మీదా వడ్రంగులు వాడే డిజిటల్ కోణమాపిని పెట్టి ముందు కోణం, వెనక కోణం రాసుకోండి. సమతలం మీద ఉన్నప్పటి తేడాను ఇందులోంచి తీసేస్తే మిగిలింది మీ కారు మెలి. ఫలితం డిగ్రీలో పదో వంతుల్లోనే ఉంటుంది కనుక మాపిని 0.05 డిగ్రీ చూపగలిగినది కావాలి, కొలత నాలుగైదు సార్లు తీసి సగటు కట్టాలి.

భయం అక్కర్లేదు. 960 కిలోల కారు తన బరువుతో తనను తాను ఎంత మెలిపెట్టుకోగలదో దానికో హద్దుంది. ముందు ఇరుసు మీది 480 కిలోలూ ఒకే చక్రం మీద పడితే వచ్చే మెలి సుమారు 3,300 న్యూటన్ మీటర్లు. అంతకు మించి నిలబడి ఉండగా రాదు. మన దిమ్మెలు అందులో సగం దాకా తెస్తాయేమో. డ్రైవ్‌వే అంచు ఏటవాలుగా ఎక్కినప్పుడల్లా కారు కొంతలో కొంత ఇదే పని చేస్తోంది.

దిమ్మెల మీద ఉండగానే తలుపులు తెరిచి మూయండి. తలుపు వెనక పై అంచు సందును ఫీలర్ గేజ్‌తో కొలిచి రాయండి. అవే దిమ్మెలు, అదే గాలి, అదే పెట్రోలు మట్టం, ఏడాదికోసారి. అంకె నిలకడగా ఉంటే మీ కారు ఆరోగ్యంగా ఉంది, ఎవరేమన్నా చేయి పెట్టకండి. అంకె పెరుగుతూ పోతే ఎక్కడో అతుకు తెరుచుకుంటోంది. అప్పుడు వెతకాల్సింది తుప్పు, కొనాల్సింది ఫ్రేము కాదు. ఇంకో లాభం కూడా ఉంది: రేపు నిజంగా ఫ్రేము బిగిస్తే అది ఎంత పని చేసిందో ఇదే కొలత చెబుతుంది.

మరి బిగించేది ఎప్పుడు?

ఆ రోజు వస్తుంది కొందరికి. పార్కింగ్ లాట్‌లో కోన్ల మధ్య ఆటోక్రాస్‌కు, ట్రాక్ డేలకు వెళ్తూ, మెత్తటి జిగురు టైర్లు వేసి, ఆ టైర్లకు తగ్గట్టు స్ప్రింగులు పెంచుకున్నవాళ్లకు ఒళ్లు నిజంగా చాలదు. అది తెలుసుకునే గుర్తు వణుకు కాదు. ముందు యాంటీ రోల్ బార్‌ను ఒక మెట్టు గట్టి చేసి ట్రాక్ మీదికి వెళ్లండి. కారు ముక్కు మలుపులో మరికాస్త బయటికి జారాలి. వెనక బార్ గట్టి చేస్తే తోక తేలికవ్వాలి. మీరు ఏ మెట్టు మార్చినా కారు ప్రవర్తన మారడం లేదంటే, ముందు చేసిన మార్పు వెనకకు చేరేలోపు ఒళ్లు మధ్యలో మింగేస్తోంది. బార్ లింకులు బిగుతుగానే ఉన్నాయని చూసుకున్నాక కూడా ఇదే జరిగితే, అప్పుడు బిగించండి. టవర్ మొదట్లో, సీటు బెల్టు బిగించిన చోట, విండ్‌షీల్డ్ స్తంభం కింద పెయింటు వెంట్రుకవాసి చీలితే అప్పుడూ బిగించండి, చీలిక బాగు చేయించాక.

ఎక్కడ మొదలుపెట్టాలో మాజ్డాయే చూపించింది. 1994 మోడల్‌తో ఈ కారుకు 1800 సీసీ ఇంజన్ ఇచ్చినప్పుడు, సీట్ల వెనక బెల్టు టవర్లను కలుపుతూ ఒక అడ్డకడ్డీ, ముందూ వెనకా సబ్‌ఫ్రేములకు ఊతాలు జోడించింది. బానెట్ కింద మెరిసేవేవీ కాదు. సీట్ల వెనక, సబ్‌ఫ్రేముల దగ్గర. ఆ కారును పుట్టించినవాళ్లు ఎంచుకున్న చోట్లు అవి, వాటిని దాటి మొదలుపెట్టడానికి నాకు కారణం కనిపించదు.

ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లకు రోల్ బార్ ఎలాగూ కావాలి. దాన్ని ప్రాణం కోసం కొనండి, గట్టిదనం కోసం కాదు. సీట్ల వెనక నేలనూ చక్రాల గూళ్లనూ పట్టుకుని నిలబడుతుంది కనుక వెనక సగానికి బలం తోడవుతుంది, చాలామందికి అంతకు మించి అక్కర్లేదు. రోడ్డు మీద హెల్మెట్ లేకుండా నడిపేటప్పుడు తల తగిలే ఎత్తులో ఉండే ఉక్కు అది. గట్టి ప్యాడింగ్ తొడగండి. సీటు వెనక్కి జరిపినప్పుడు తలకూ బారుకూ మధ్య ఎంత చోటుందో షాపులోనే కూర్చుని చూసుకోండి. మీ ఎత్తుకు ఆ చోటు చాలకపోతే ఆ బార్ మీకు పనికిరాదు, తగ్గింపు ధరకు ఇచ్చినా సరే.

బిగించే రోజు కారు సమతలం మీద, చక్రాల మీద నిలబడి ఉండాలి. జాకీ స్టాండ్ల మీద ఒంకరగా ఉన్న ఒంటికి ఫ్రేము బిగిస్తే ఆ ఒంకరను బోల్టులతో పట్టి ఉంచినట్టే. రంధ్రాలు ఎదురెదురుగా రాకపోతే సుత్తితో లాగకండి, రంధ్రం సాగదీయండి. బోల్టు తగిలే ప్రతి చోటా పెయింటు కింద రేకు బయటపడుతుంది, జింక్ ప్రైమరు పూసి, లోపలి వైపు మైనపు స్ప్రే కొట్టండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టుకూ టార్క్ రెంచి పెట్టి మళ్లీ చూడండి. ఆ తర్వాత అవే దిమ్మెలు తెచ్చి, అదే కొలత తీసి, పాత అంకె పక్కన తేదీ వేసి రాయండి.